సబ్బు రాసిన కమాను

కమానుకి సబ్బు రాయడానికి కూడా కాస్త నేర్పు కావాలి. ఎక్కువ రాస్తే వెంట్రుకలు అట్టకట్టి, కమాను తీగ మీద నిలవకుండా పక్కకి జారిపోతుంది. తక్కువ రాస్తే ఎక్కడో ఒకచోట కీచుమని పరువు తీస్తుంది. అందుకని తెర వెనక గదిలో ఫిడేలు వాళ్ళు ఎనిమిది మందీ పొడి సబ్బుబిళ్ళ ఒకటి చేతులు మార్చుకుంటూ, కమాను ఈ చివర నుంచి ఆ చివరదాకా ఒకటికి రెండుసార్లు రుద్ది, తీగ మీద పెట్టి లాగి చూసుకుంటున్నారు. బాగా రాసిన కమాను లాగితే చీర కుచ్చిళ్ళు సర్దుకున్నంత చప్పుడు కూడా రాదు.

"నాకు మీ చేతులు కావాలి. చప్పుడు సంగతి నేను చూసుకుంటా," అన్నాడు వాద్యగాళ్ళని కుదిర్చే కాంట్రాక్టరు గుమ్మంలో నిలబడి. ప్రతి కచేరీకి ముందూ అనే మాటే. "ఎనిమిది చేతులూ ఒక్కసారి లేవాలి, ఒక్కసారి దిగాలి. మూడో కుర్చీ, నీ మోచెయ్యి నిన్న రిహార్సల్లో కిందకి వేలాడింది. కాస్త నిద్రలేవరా నాయనా."

మూడో కుర్చీ అంటే అతనే, మూడేళ్ళుగా ఆ కుర్చీలో కూచుంటున్న కుర్రాడు. కాంట్రాక్టరుకి ఎవరి పేరూ నోటికి రాదు, కుర్చీ నంబరుతోనే పని. పాట వచ్చేది రికార్డులోంచి. కచేరీ చేసే గాయని, అందరూ పెద్దావిడ అంటారు, ఆ రికార్డు మీద పాడుతుంది, వెనక నల్లకోట్లు వేసుకున్న ఎనిమిది మంది వాయిస్తున్నట్టు కనిపిస్తారు. చూడ్డానికి నిండుగా ఉంటుంది. మొదటిసారి సబ్బుబిళ్ళ చేతిలో పెట్టినప్పుడు అతను దాన్ని కమానుకి ఆనించలేక తటపటాయించాడు. తర్వాత తర్వాత అలవాటైపోయింది. అలవాటవడమే కాదు, ఇంట్లో సాధన చెయ్యడానికి కూడా బద్ధకం పుట్టింది. తప్పు వాయించినా వినపడనప్పుడు సాధన ఎందుకు?

ఆ శనివారం కోటు కొత్తది. తండ్రి కుట్టాడు. ఆయనది చిన్న టైలరు షాపు, అక్కడ ఆయనే మేస్త్రి, ఆయనే పనివాడు. కొడుక్కి కోటు కుడుతుంటే మాత్రం పెద్దింటి పెళ్ళికొడుక్కి కుడుతున్నట్టు హడావిడి చేశాడు. ఫిడేలు భుజానికి ఎత్తించి, కమాను పట్టించి, ఆ భంగిమలోనే చంక కొలిచాడు. "వాయించే చెయ్యి. బిగుతైతే సుఖంగా కదలదు," అన్నాడు నోట్లో గుండుసూదులు పెట్టుకునే. అతను ఉత్త చేత్తో కమాను ఆడిస్తూ నిలబడ్డాడు, తండ్రి కూచుని లేస్తూ కుట్లు సరిచేశాడు.

కచేరీ వాళ్ళిచ్చిన పాసు మీద తండ్రి కూడా వచ్చాడు. అయ్యాక గేటు బయట జనం మధ్యలోంచి దారి చేసుకుంటూ వచ్చి, కొడుకు భుజం పట్టుకుని ఊపేశాడు.

"ఒరేయ్, ఎనిమిది మందిలో నీ ఫిడేలు ఒక్కటే నాకు వేరుగా వినపడిందిరా! కళ్ళు మూసుకున్నా తెలిసిపోయింది. ఇంట్లో వాయిస్తే ఎందుకురా అంత బాగా రాదు?"

"ఇంట్లో... గది చిన్నది కదా నాన్నా," అన్నాడు అతను. ఆ అబద్ధం ఎంత సులువుగా వచ్చిందంటే, అన్నాక అతనికే ఆశ్చర్యం వేసింది. ఆ వెంటే చెవులు వేడెక్కాయి. చీకటి కాబట్టి సరిపోయింది.

"రేపు కూడా వస్తా," అన్నాడు తండ్రి. "టిక్కెట్టు కొనుక్కుని మరీ వస్తా. ముందు వరసలో కూచుంటా."

"వద్దు నాన్నా, అవే పాటలు."

"అవే పాటలు కాబట్టే."

ఆదివారం హాలు కిక్కిరిసిపోయింది. ఆఖరి పాట అయింది. పెద్దావిడ రెండు చేతులూ జోడించింది. ఆవిడ కాలంలో ఆవిడ పాట వినని ఇల్లు లేదు. ఇప్పుడు జుట్టు నెరిసి, మెట్లెక్కేటప్పుడు ఒకరి చెయ్యి పట్టుకోవాల్సిన వయసు. రికార్డు తోడుగా నడుస్తుందని ఆవిడకి చెప్పారు. ఫిడేళ్ళ సబ్బు సంగతి చెప్పలేదు. వెనక పిల్లలు కూడా రికార్డుతో కలిసి వాయిస్తున్నారనే ఆవిడ అనుకుంటోంది. అందుకే పాటపాటకీ వెనక్కి తిరిగి, "శభాష్ నాన్నా" అన్నట్టు తలాడిస్తుంది. ఆవిడ అలా తలాడించినప్పుడల్లా ఎనిమిది మందీ నేలచూపులు చూస్తారు. ఆవిడ దాన్ని వినయం అనుకుంటుంది.

తెర దించబోతుండగా ముందు వరసలో ఒక మనిషి లేచి నిలబడ్డాడు.

"అమ్మా! చినుకుల పాట! ఆ ఒక్కటీ పాడి వెళ్ళండమ్మా!"

గొంతు గుర్తుపట్టి అతను తలెత్తాడు. తండ్రి ఇస్త్రీ చొక్కా వేసుకుని, చెయ్యి పైకెత్తి, బడిపిల్లాడిలా నిలబడి ఉన్నాడు.

"ఆ పాట మొదట్లో ఫిడేలు ఒక్కటే వస్తుంది కదమ్మా, అది మావాడికి వచ్చు. ఇంట్లో వాయిస్తుంటాడు. అదుగోండి, మూడో కుర్చీలో కూచున్నవాడు. మావాడే!"

హాలంతా నవ్వింది. మంచి నవ్వే. చప్పట్లు మొదలయ్యాయి. పెద్దావిడ వెనక్కి తిరిగి, కళ్ళజోడు సర్దుకుని కుర్చీలు లెక్కపెట్టి, అతని దగ్గర ఆగింది.

"రా నాన్నా," అంది. "ఆ పాట పాడి చాలా రోజులైంది. మొదలు అందిస్తే నేను పట్టుకుంటా. రా, ముందుకి రా."

పక్కన కాంట్రాక్టరు తెర చాటు నుంచి వద్దు వద్దని చెయ్యి ఊపుతున్నాడు. అతను లేచాడు. ఏదో ఒకటి చెప్పచ్చు, వేలు తెగిందనో, మర్చిపోయాననో. ఫిడేలు పట్టుకుని ముందుకి నడిచాడు. కమాను పక్కన పెట్టేసి వేళ్ళతో తీగలు మీటినా ఆ నాలుగు ముక్కలూ పలికేవి. ఆ సంగతి అతనికి ఇంటికొచ్చాకగానీ తట్టలేదు. వాయించడం మానేసిన వాడికి అక్కడికక్కడ ఎలా తడుతుంది?

మైకాయన వచ్చి స్టాండు దించి ఫిడేలుకి ఎదురుగా పెట్టి వెళ్ళాడు. హాలు నిశ్శబ్దమైంది. అతను ఫిడేలు గడ్డం కింద పెట్టుకుని కమాను లాగాడు.

ఏమీ రాలేదు.

మళ్ళీ లాగాడు. ఎడమచేతి వేళ్ళు సరైన చోటే పడుతున్నాయి, కుడిచెయ్యి నిండుగా సాగుతోంది, కొత్తకోటు ఎక్కడా పట్టెయ్యలేదు. చప్పుడు మాత్రం లేదు. అంతకన్నా ఘోరం ఏమిటంటే, తన తల మెల్లగా ఊగుతోందని, కళ్ళు అరమోడ్పుగా ఉన్నాయని అతనికి తెలిసొచ్చింది. ఇన్నాళ్ళూ నేర్చుకున్న పని అదే. లేని సంగీతానికి తల ఊపుతూ అంతమంది ఎదుట నిలబడ్డాడు. నేల చీలి లోపలికి పోతే బాగుండుననిపించింది.

"మైకు! మైకు!" అని వెనక నుంచి కేకలు మొదలయ్యాయి. "వినపడ్డం లేదు!"

"ఏం చేస్తున్నావయ్యా అక్కడ?" అని కాంట్రాక్టరు అందరికీ వినపడేలా మైకాయన మీద అరిచాడు. "నిద్రపోతున్నావా?"

మైకాయన చెవులకున్న హెడ్‌ఫోన్లు తీసి మెడలో వేసుకుని, బానపొట్టతో ఆయాసపడుతూ వేదిక ఎక్కాడు. మైకు ముందు వంగాడు. వంగితే ఆయన కళ్ళకి సరిగ్గా కమాను ఎదురుగా ఉంది. లైట్ల కింద వెంట్రుకలు తెల్లగా, జిడ్డుగా మెరుస్తున్నాయి. ఆయన తలెత్తి అతని మొహంలోకి చూశాడు. ఒక్క క్షణమే. తర్వాత బొటనవేలితో మైకు వెనక వైరు ఊడలాగి, ఆ వైరు చేత్తో పైకెత్తి పట్టుకున్నాడు.

"వైరు పోయిందండీ," అన్నాడు గట్టిగా. "నాదే పొరపాటు. ముందే చూసుకోవాల్సింది. మన్నించాలి."

హాలు గోల గోల అయింది. "ఇంతమందిని కూచోబెట్టి మైకు చూసుకోవద్దా!" అని ముందు వరసలోంచి తండ్రి అరుస్తున్నాడు. మైకాయన తల దించుకుని వైరు చుట్టుకుంటూ దిగిపోయాడు. మైకు బాగానే ఉందని అతనికి తెలుసు. అది చెప్పాల్సింది తనే. చెప్పలేదు.

"పోనీలెండి, నా మైకు ఉందిగా," అని నవ్వింది పెద్దావిడ. అతన్ని వెనక్కి పంపలేదు. పక్కన నిలబెట్టుకుని, భుజం మీద చెయ్యి వేసి, ఏ తోడూ లేకుండా పాట ఎత్తుకుంది.

రికార్డులో ఆ గొంతు అద్దంలా ఉండేది. ఇది అలా లేదు. గరగరలాడుతోంది, చివర్లు వణుకుతున్నాయి. ప్రతి చరణం ముందూ ఆవిడ గాలి పీల్చుకోవడం అతనికి వినపడుతోంది. ఆవిడ వేళ్ళు అతని కోటు భుజాన్ని గట్టిగా పట్టుకున్నాయి. ఇంత పెద్దావిడకి భయమా అని అతను బిత్తరపోయాడు. పై స్వరం దగ్గర గొంతు పగిలింది. ఆవిడ ఆగింది. చిన్నగా దగ్గి, "అంత ఎత్తు ఇప్పుడు ఎక్కలేను," అని హాలుతో చెప్పి, అదే చరణాన్ని కిందకి దించి మళ్ళీ పాడింది. ఒక్కరు నవ్వలేదు. వెనక వరసల్లో జనం కుర్చీల్లోంచి ముందుకి వంగారు.

ఇన్ని కచేరీల్లో అతను అంతసేపు పాట విన్నది అదే మొదటిసారి. ఆ పగిలిన గొంతు మీద అతనికి అసూయ పుట్టింది. అది ఆవిడ సొంతం. అతను మూడేళ్ళలో ఒక్క తప్పు చెయ్యలేదు, ఒక్క స్వరం పలికించలేదు. చేతిలో ఫిడేలు పట్టుకుని ఆ హాల్లో నిలబడ్డవాళ్ళలో తనంత పనికిమాలినవాడు లేడనిపించింది. ఆవిడ పాట పూర్తిచేసి, "ఈసారి నువ్వు వాయించాలి, సరేనా?" అని భుజం తట్టింది. సరేనని తల ఊపాడు. తల ఊపడం బాగా వచ్చు.

హాలు వెనక వ్యాను దగ్గర మైకాయన వైర్లు చేతికీ మోచేతికీ మధ్య చుట్టుకుంటున్నాడు. తండ్రి నేరుగా అక్కడికే వెళ్ళాడు. అతను వెనకాల పరిగెత్తేసరికే మొదలైపోయింది.

"ఏవయ్యా, ఒళ్ళు దగ్గర పెట్టుకుని పనిచెయ్యవా? నా కొడుకు జన్మలో ఒక్కసారి ముందుకొచ్చి నిలబడ్డాడు. అలాంటి రోజు మళ్ళీ వస్తుందా? నీకేం, మైకు కాకపోతే ఇంకోటి. వాడి నోట్లో మట్టి కొట్టావు కదయ్యా!"

జనం ఆగి చూస్తున్నారు.

"అవునండీ," అన్నాడు మైకాయన వైరు చుట్టడం ఆపకుండా. "నా తప్పే." అతని వైపు చూడలేదు. చూసి ఉంటే అతను ఏమైనా చెప్పేవాడేమో. చూడకపోయేసరికి అతను ఫిడేలు పెట్టె ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుని, "పద నాన్నా," అన్నాడు. అంతే అన్నాడు.

సోమవారం అతను అన్నం సరిగ్గా తినలేదు. "మైకువాడు చేసిన పనికి బిడ్డ బెంగపెట్టుకున్నాడు," అని అమ్మ పక్కింటావిడతో చెప్పడం వినపడింది. తలుపు వేసుకుని కమాను విప్పి, స్పిరిటులో ముంచిన గుడ్డతో వెంట్రుకలు కడిగాడు. తుడిచిన కొద్దీ తెల్లటి జిడ్డు వస్తూనే ఉంది. ఆరబెట్టి, రోజిన్ బిళ్ళ వెతికితే, అది పెట్టె అడుగున బీటలు వారి పడి ఉంది. వెంట్రుకలకి పట్టు రావాలంటే రాయాల్సింది అదే. వేళ్ళు నొప్పెట్టేదాకా రాశాడు. లాగితే కాస్త పలికింది, కాస్త జారింది.

కాంట్రాక్టరు ఫోను చేశాడు. "శుక్రవారం కచేరీ ఉంది, కోటు ఇస్త్రీ చేయించుకో. ఆ మైకు మనిషిని తీసేశాలే, హాలు వాళ్ళు గోల పెట్టారు."

"అది మైకు తప్పు కాదండీ. నా కమాను..."

"నాకు తెలీదా? సబ్బు తెప్పించింది ఎవరనుకున్నావు?" కాంట్రాక్టరు నవ్వాడు. "ఎవడో ఒకడి మీద పెట్టాలిగా. నువ్వు బతికిపోయావు. నోరు మూసుకుని శుక్రవారం రా."

"సబ్బు లేకుండా అయితే వస్తానండీ."

"అయితే రాకు," అని ఫోను పెట్టేశాడు.

అతను ఫోను చేతిలో పట్టుకుని అలాగే కూచున్నాడు. కాంట్రాక్టరుకి తెలుసు, మైకాయనకి తెలుసు, మిగతా ఏడు కుర్చీలకీ తెలుసు. తెలియనిదల్లా పెద్దావిడకీ, టిక్కెట్టు కొనుక్కున్నవాళ్ళకీ. వాళ్ళలో తన తండ్రి ఒకడు.

మంగళవారం పొద్దున షాపుకి వెళ్ళాడు. తండ్రి ఎవరికో చొక్కా కొలతలు తీసుకుంటూ, ఆ కథే చెబుతున్నాడు. రెండు రోజులుగా వచ్చిన ప్రతి మనిషికీ అదే కథ.

"...మావాడు లేచి నిలబడ్డాడండీ, హాలంతా పిన్‌డ్రాప్. ఆ మైకువాడు, దరిద్రుడు..."

"మైకు తప్పు కాదు నాన్నా," అన్నాడు అతను.

"నీకు తెలీదులేరా, నువ్వు వాయిస్తున్నావు. కింద కూచున్న మాకు తెలుసు."

"వాయించలేదు నాన్నా. కమానుకి సబ్బు రాసుంది. సబ్బు రాస్తే పలకదు. అందరం రాసుకుంటాం, వచ్చేదంతా రికార్డు."

తండ్రి చేతిలో టేపు ఆ మనిషి భుజం మీదే ఉండిపోయింది. అదేదో కొలత అడుగుతున్నట్టు మామూలుగా అడిగాడు.

"మరి శనివారం నాకు వేరుగా వినపడిందేమిటి?"

"రికార్డే."

"నువ్వు కాదు."

"కాదు నాన్నా."

కొలతలిచ్చే మనిషి పాపం ఎటు చూడాలో తెలియక గోడ మీది క్యాలెండరు చూస్తున్నాడు. "మీరు రేపు రండి బాబూ," అని తండ్రి ఆయన్ని పంపించేశాడు. టేపు చుట్టాడు, విప్పాడు, మళ్ళీ చుట్టాడు. కొడుకు వైపు చూడలేదు. తిట్టినా బాగుండేది.

"నలుగురిలో పెట్టి కడిగేశానురా ఆ మనిషిని," అన్నాడు చివరికి.

"నేను పక్కనే ఉన్నాను నాన్నా."

"ఉన్నావు," అన్నాడు తండ్రి.

ఆ ఒక్కమాటకి అతను తలెత్తలేకపోయాడు. తండ్రి కత్తెర సొరుగులో పెట్టి, షట్టరు సగం దించి, "ఇంటికెళ్ళి ఫిడేలు పెట్టె పట్రా," అన్నాడు.

మైకాయన షాపు రెండు వీధుల అవతల ఉంది. స్పీకరు ఒకటి బోర్లా పడేసి, దాని కడుపులో తల పెట్టి ఏదో అతుకుతున్నాడు. వీళ్ళని చూసి బల్ల మీద సామాను పక్కకి నెట్టి, "కూచోండి," అన్నాడు. తండ్రి కూచోలేదు.

"నీకు తెలుసా అన్నా, వీడి సంగతి?"

"రికార్డు నొక్కేది నేనే కదండీ."

"మరి ఒక్కమాట అంటే పోయేదిగా. అన్ని తిట్లు పడ్డావు. నేనే ఎన్ని అన్నాను! పని కూడా పోగొట్టుకున్నావట."

"ఆ పని కాకపోతే ఇంకోటి వస్తుందిలెండి."

"వీడి పరువు కోసం..." అంటూ తండ్రి కొడుకు వైపు చెయ్యి చూపించాడు.

మైకాయన అతని వైపు తిరిగి, మొహమాటం లేకుండా చెప్పాడు. "నీ కోసం అనుకున్నావా బాబూ? కాదు. మైకు పాడైందంటే జనం నన్ను నాలుగు తిట్టి మర్చిపోతారు. సబ్బు అంటే ఆవిడ పాట మొత్తం దొంగ పాట అంటారు. ఆవిడకా సంగతే తెలీదు. ఆ వయసులో ఆవిడ మొహం ఎక్కడ పెట్టుకుంటుంది? నీ మొహం నాకు గుర్తు కూడా లేదు, నిజం చెప్పాలంటే."

రెండు రోజులుగా అతను, ఈ మనిషి తన మీద జాలిపడి తనని కాపాడాడనే అనుకుంటున్నాడు. ఆ జాలికే కుంగిపోయాడు. అసలు ఆ లెక్కలో తను లేనే లేడు. ఉన్న సిగ్గుకి తోడు ఇదొకటి.

"నన్ను తిట్టన్నా," అన్నాడు తండ్రి ఉన్నట్టుండి. "మా షాపు ముందుకొచ్చి, మనుషులు ఉన్న వేళ చూసి, గట్టిగా తిట్టు. చెల్లుకి చెల్లు."

మైకాయన పొట్ట కదిలేలా నవ్వాడు. "నాకు అన్ని తిట్లు రావండీ, మీలాగా."

తండ్రి నవ్వలేదు. షాపంతా కలియజూశాడు. "ఆ మైకు ఏది?"

"అదుగో, ఆ మూల."

"దాన్ని పెట్టు. స్పీకరు వీధి వైపు తిప్పు. నేను నలుగురిలో అన్నాను, నలుగురికీ వినపడాలి." కొడుకుతో, "నువ్వు పెట్టె తియ్యి," అన్నాడు.

అతను పెట్టె మూత మీద చెయ్యి వేసి ఆగిపోయాడు. "కమాను ఇంకా సరిగ్గా పలకట్లేదు నాన్నా. రెండు రోజులు ఆగితే..."

"తియ్యి."

మైకాయన స్టాండు దించాడు, మీట తిప్పాడు. అతను ఊపిరి పీల్చుకుంటే ఆ చప్పుడు వీధిలోకి వెళ్ళింది. చినుకుల పాట మొదలు. కమాను ఆనగానే గీరుమంది. స్పీకరు ఆ గీరుని పదింతలు చేసి రోడ్డు అవతలి గోడలకి కొట్టింది. సైకిలు మీద వెళ్తున్న మనిషి కాలు కింద పెట్టి ఆగాడు. రెండో ముక్క పలికింది. మూడో ముక్కకి సబ్బు మిగిలిన చోట కమాను జారి, స్వరం దిగజారిపోయింది. ఆపేద్దామనుకున్నాడు. పై స్వరం దగ్గర వేలు తప్పింది, అది వీధి వీధంతా వినపడింది. అది మాత్రం ఎవరి రికార్డూ కాదు. వెనక్కి వెళ్ళి ఆ ముక్క మళ్ళీ ఎత్తుకున్నాడు. మళ్ళీ తప్పింది.

సంచీలు మోసుకెళ్తున్న ఒకావిడ చెవి మూసుకుని, "ఏంటయ్యా ఆ మైకు, చెవులు చిల్లులు పడుతున్నాయి. బాగుచేయించుకోకూడదా?" అంది.

తండ్రి గుమ్మం దిగి రోడ్డు మీదకి వెళ్ళాడు. ఆయన మొహం కందిపోయి ఉంది. గొంతు మాత్రం తగ్గించలేదు.

"మైకు శుభ్రంగా ఉందమ్మా," అన్నాడు వీధికంతా వినపడేలా. "ఆ గీరు మావాడిది."